ఎల్లాజీ వంతు

నవమి, పొద్దున

పటాల గది నిండిపోయింది. తెర మీద 'చోటు లేదు' అని ఎర్రగా వస్తోంది. నిన్న సాయంత్రం నుంచీ వస్తోందట. నేను చూడలేదు. పేకాటలో ఉన్నాను.

పెట్టె దగ్గర కూర్చున్నవాడు రోజూ ఈ లాగ్‌లో ఇంత రాయాలని రూలు పెట్టింది దానయ్య. మా చెల్లెలి మొగుడు. ఆరు పాత ఓడల్ని గొలుసులేసి కట్టి వూరని పేరు పెట్టుకున్నాం కదా, ఆ వూరికి పెద్ద. నేను చదివింది ఐదో క్లాసు, అదీ సగం. చూపు తగ్గి వలలు బాగుచెయ్యలేకపోతున్నానని ఈ పెట్టె ముందు కూర్చోబెట్టేరు. ఇక్కడ అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు.

పెట్టె అంటే సర్వరు. మూడో ఓడ అడుగున ఉంటాది, లినక్సు మీద నడుస్తాది. దాంట్లో నాలుగు డిస్కులు. డిస్కులు చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరు, ఉన్నవాటితోనే నెట్టుకొస్తున్నాం. ఒక్కో డిస్కు మీదా గీత గీసి రెండు ముక్కలు చేసేరు. చిన్న ముక్కలు నాలుగూ కలిస్తే పటాల రెయిడ్. పెద్ద ముక్కలు నాలుగూ కలిస్తే బొమ్మల రెయిడ్. రెయిడంటే డిస్కుల జట్టు, ఒక్కో జట్టులో సామాను దాచే చోటుని గది అంటాం. పటాలంటే సముద్రం అడుగు పటాలు. బొమ్మలంటే పెళ్ళిళ్ళు, బారసాలలు, దానయ్య ప్రసంగాలు.

డిస్కులకి నేనే పేర్లు పెట్టి చీటీలు అంటించేను. మొదటిది పరదేశి, అంటే నేను. రెండోది ఎల్లాజీ, నా మనవడు. మూడోది దానయ్య. నాలుగోది అప్పయ్యమ్మ, మా ఆవిడ. పోయి ఆరేళ్ళయింది. నాలుగింట్లో ఎక్కువ చప్పుడు చేసేది అదే.

ఎల్లాజీ ఎనిమిది మందిని తీసుకుని బయటి సముద్రంలో ఉన్నాడు. మాకూ వాళ్ళకీ మధ్య మునిగిపోయిన పట్నం ఉంది. మేడలు, నీళ్ళ ట్యాంకు, సెల్ టవర్లు, అన్నీ నీళ్ళ కింద. పున్నమికీ అమాసకీ పోటు బాగా లేచినప్పుడే పెద్ద పడవ వాటి మీద నుంచి దాటగలదు, అదీ ఏ సందులోంచి రావాలో తెలిస్తేనే. వాళ్ళు వెళ్ళేక వచ్చిన గాలివానకి కింద ఏవేవో కూలినాయి. పాత పటం ఇప్పుడు నమ్మడానికి లేదు. ఎల్లాజీ చిన్న తెప్ప మీద సోనార్ పెట్టి పట్నం మీద తిప్పి, లోతు లెక్కలు రేడియోలో పంపుతున్నాడు. ఆ లెక్కలన్నీ కలిపి మా పెట్టె కొత్త పటం కుట్టాలి. కుట్టడానికే చోటు లేదంటోంది.

రేడియోలో అడిగేను, ఎన్నాళ్ళు ఆగగలవురా అని.

"మంచినీళ్ళు పున్నమి దాకా వస్తాయి తాతా. ఆ మర్నాడో ఆపై మర్నాడో గాలి లేస్తాదంటున్నారు."

"అయితే పున్నమికే వచ్చెయ్."

"పటం ఇస్తే వస్తాను. నీ పేకాట అయ్యేక."

ఎవడు చెప్పేడో వాడికి. దానయ్యే అయ్యుంటాడు, ఓడిపోయింది వాడే.

దశమి

దానయ్య పొద్దున్నే వచ్చి, "బొమ్మలు కొన్ని చెరిపెయ్ బావా, చోటొస్తాది" అన్నాడు.

"నీ ప్రసంగాలతో మొదలెట్టనా?"

"అవి తప్ప."

చెరిపినా లాభం లేదని చెప్పేను. బొమ్మల గదిలో సగం ఖాళీయే. మధ్యలో గోడ ఉంది, ఆ గోడ జరగాలి. జరపడానికి ఓ వరసుంది. చోటు తగ్గించేటప్పుడు లోపల్నుంచి బయటికి రావాలి. ముందు సామాను ఒక పక్కకి సర్ది గదిని చిన్నది చెయ్యాలి, తర్వాత రెయిడ్‌ని తగ్గించాలి, ఆఖర్న డిస్కు మీద గీత మార్చాలి. పెంచేటప్పుడు బయట్నుంచి లోపలికి. ముందు గీత, తర్వాత రెయిడ్, ఆఖర్న గది. తిరగేస్తే గోడ సామాను మీద పడతాది. ఇది నాకు బాగా వచ్చు, ఎందుకంటే ఒకసారి తిరగేసేను. ఏం పోయిందో వూళ్ళో ఎవరూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

ఇవాళ బొమ్మల గదినీ, బొమ్మల రెయిడ్‌నీ తగ్గించేను. సాయంత్రం దాకా పట్టింది. ఏమీ పోలేదు.

ఇక గీతలు. నాలుగు డిస్కుల మీదా ఒకేసారి మార్చకూడదు. ఒక్కోదాన్ని రెయిడ్‌లోంచి తప్పించి, గీత మార్చి, మళ్ళీ చేర్చాలి. చేర్చేక మిగతా మూడూ కలిసి దానిలో ఉండాల్సిందంతా దాని చేత మళ్ళీ రాయిస్తాయి. పద్దెనిమిది గంటలు పడతాది. రోజుకొకటి చొప్పున చతుర్దశికి అయిపోవాలి. పున్నమి పొద్దున పటం కుట్టుకుంటే తొమ్మిదింటి పోటుకి ఎల్లాజీ వచ్చెయ్యొచ్చు. ఒక్క రోజు కూడా అటూ ఇటూ లేదు.

ఇంకో పని కూడా ఉంది. ఉప్పుగాలికి, డిస్కులు పెట్టెకి తగులుకునే పళ్ళకి చిలుం పడతాది. తప్పించినప్పుడే బయటికి లాగి, స్పిరిట్ గుడ్డతో పళ్ళు తుడిచి మళ్ళీ పెట్టాలి. అడుగు గదిలోకి నిచ్చెన దిగడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని కింద పైడమ్మ. ఎల్లాజీ పెళ్ళాం. ఇంజన్ల పని చేస్తాది, చెయ్యి తిరిగిన పిల్ల. పైన తెర ముందు నేను, కింద పెట్టె దగ్గర ఆమె, మధ్యలో మాట్లాడుకోడానికి ఇనప గొట్టం. కమాండులు ఆమెకి రావు, నిచ్చెన నాకు రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అవుతాది.

"ఒకదాన్ని తప్పిస్తే పెట్టె ఆగిపోదా తాతా?" అని అడిగింది.

"నలుగురు పడవ మోస్తున్నారనుకో. ఒకడు కూర్చున్నా ముగ్గురు మోస్తారు. కష్టపడతారు గానీ మోస్తారు. ఇద్దరు కూర్చుంటే పడవ కాళ్ళ మీద పడతాది."

"ముందు కూర్చునేది నువ్వే."

"అందుకే పరదేశితో మొదలెడుతున్నాను."

ఏకాదశి

పొద్దున్నే పైడమ్మ గది తుడుస్తుంటే నేను ఎల్లాజీ చాప మీద నుంచి దాటబోయి తిట్లు తిన్నాను. ఆ చాప పదకొండు రోజులుగా పరిచే ఉంది. సముద్రం మీదున్న మనిషి చాప చుట్టరు, కంచం కదపరు. వాడొచ్చి వాడే తియ్యాలి. మా వోళ్ళలో ఎప్పట్నుంచో ఉంది. పైడమ్మ ఆ చాప చుట్టూ తుడుస్తాది, చాప కిందికి చీపురు పోనివ్వదు. అందుకని ఆ గదిలో నడవాలంటే గోడకి అంటుకుని నడవాలి.

తర్వాత పరదేశిని తప్పించేను. ఎమ్‌డీఏడీఎమ్ అని ఒక కమాండుంది, దాంతో ముందు 'ఫెయిల్' అని కొట్టాలి, తర్వాత 'తీసెయ్' అని కొట్టాలి. తెర మీద 'పరదేశి: ఫెయిల్. తీసేశాం' అని వచ్చింది. దానయ్య వెనకాలే నుంచుని చదివి, ఇది అచ్చేసి ఓడ తలుపుకి అంటిద్దాం అన్నాడు. వాడు మూడోవాడు, ఆ రోజు నేనూ చూస్తానని చెప్పేను.

గొట్టంలో, "పరదేశిని లాగు" అన్నాను.

"లాగేను" అంది పైడమ్మ. తుడిచింది, పెట్టింది. గీత మార్చి చేర్చేను. రాసుకోవడం మొదలైంది.

పైకి వచ్చేక చేతులు తుడుచుకుంటూ అడిగింది, "రేపు ఎవరి వంతు తాతా?"

"ఎల్లాజీ."

"మీ మనవణ్ణి ఆఖర్న పెట్టుకోకూడదా?" అంది.

"ఏం, వాడికి నొప్పెడతాదా?"

"ఊరికే అడిగేను."

"వరస ప్రకారం పోవాలి అమ్మీ. వరస మారిస్తే ముసలాడి బుర్ర మారిపోతాది."

నవ్వకుండా వెళ్ళిపోయింది. నేను మాత్రం నవ్వుకున్నాను. మర్నాడు కలిపి రాస్తున్నాను: ఏమడుగుతోందో అర్థం చేసుకోవాల్సింది అప్పుడే.

ద్వాదశి

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున ఏడింటికి పరదేశి రాసుకోవడం అయింది. ఎల్లాజీని ఫెయిల్ కొట్టేను. తీసెయ్ కొట్టేను. గొట్టంలో, "ఎల్లాజీని లాగు" అన్నాను. కాస్త ఆగి, "లాగేను" అని వినబడింది. అంతలో తెర నిండా ఎర్ర అక్షరాలు దిగడం మొదలైంది. దానయ్య పోయింది అంది. పటాల రెయిడ్ ఆగిపోయింది అంది. బొమ్మల రెయిడ్ ఆగిపోయింది అంది. రేడియోకి పటాలు పంపే ప్రోగ్రాం చచ్చిపోయింది.

"ఏది లాగేవు?"

తెర ఇంకోసారి చదివి గొట్టంలోకి వంగేను.

"పైడమ్మా, నీ చేతిలో ఉన్న దాని మీద చీటీ చదువు."

"దానయ్య తాత."

"నేను చెప్పింది ఎల్లాజీ."

"తెలుసు."

దానయ్య నా పక్కనే ఉన్నాడు. గొట్టంలోకి వంగి, "తెలిసే లాగేవా?" అని అరిచేడు. వాణ్ణి పక్కకి నెట్టి పిల్లని పైకి రమ్మన్నాను. వచ్చింది. డిస్కు పమిటలో చుట్టుకుని పట్టుకుంది, తడి తగలకుండా.

"తుడవడానికే కదా లాగడం" అంది. "నాలుగూ తుడవాల్సిందే కదా. ఏది ముందైతే ఏటి అనుకున్నాను. ఆ పేరున్నదాన్ని దాని చోట్లోంచి నా చేత్తో ఎలా లాగను తాతా. మనిషి సముద్రం మీదున్నాడు."

తుడవడానికే కాదని, నేను పైన ఒకణ్ణి కూర్చోబెట్టేననీ, ఆమె కింద ఇంకొకణ్ణి కూర్చోబెట్టిందనీ, పడవ కాళ్ళ మీద పడిందనీ చెప్పేను. చెప్తుంటే ఆమె మొహం మారింది. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి, కాపాడదామని తను చేసిన పని ఎవరి నెత్తి మీదకి వచ్చిందో.

"ఇప్పుడు ఆయనకి పటం వెళ్ళదా?"

"ఇప్పటికి వెళ్ళదు."

దానయ్య తిట్టడానికి నోరు తెరిచేడు. నేను అన్నాను, "బావా, ఆ పిల్లని ఏమీ అనకు. డిస్కులకి మనుషుల పేర్లు పెట్టింది అది కాదు. అంటించింది నేను. వాడి చాప ఎవరూ తొక్కకూడదని తెలిసీ, వాడి పేరుని లాగమని చెప్పింది నేను."

ఇది లాగ్‌లో ఉండాలి. తప్పు పరదేశిది.

త్రయోదశి

నిన్నంతా పెట్టె ముట్టుకోలేదు. ఇలాంటప్పుడు చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి కొట్టాలనిపిస్తాది. నాకు ఈ పని నేర్పినావిడ ఒకటే చెప్పింది. రెయిడ్ పడిపోతే ముందు చేతులు తొడల కింద పెట్టుకో అని. పెట్టుకుని కూర్చున్నాను.

దానయ్య పుస్తకం తెచ్చేడు. "ఇక్కడుంది చూడు. క్రియేట్ అని కొడితే రెయిడ్ కొత్తగా కట్టేస్తాదట."

"కడతాది. కొత్తింట్లో పాత సామాను ఉండదు మరి."

ప్రతి డిస్కు నుదుటి మీదా ఒక అంకె ఉంటాది. రెయిడ్‌లో ఎంతవరకు కలిసి నడిచిందో చెప్పే అంకె. ఆ అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నవాటిని బలవంతంగా అయినా మళ్ళీ కలపొచ్చు. పైడమ్మ దానయ్యని దాని చోట్లో పెట్టింది. నేను ఒక్కోదాన్నీ అడిగేను. పరదేశి 41806. అప్పయ్యమ్మ 41806. దానయ్య 41804. ఎల్లాజీ 41790.

రెండు అంకెలే తేడా. ఎల్లాజీని వదిలేసి మిగతా మూడింటినీ బలవంతంగా కలపమని కొట్టేను. రాయకుండా, ఊరికే చదవడానికి మాత్రం. పైడమ్మ నిచ్చెనెక్కి వచ్చి నా వెనకాల నుంచుంది. ఊపిరి నా మెడకి తగులుతోంది.

లేచినాయి. రెండు రెయిడ్లూ, మూడేసి కాళ్ళ మీద. పటాల గది తెరిచి చూసేను. పాత పటాలు, ఎల్లాజీ పంపిన లెక్కలు, అన్నీ ఉన్నాయి. బొమ్మల్లో మూడు ఫైళ్ళు చెడినాయి. మూడూ దానయ్య ప్రసంగాలే. నేను ఏమీ చెయ్యలేదని ప్రమాణం చేసి చెప్పేను, వాడు నమ్మలేదు.

గానీ పని మొదటికొచ్చింది. పటాల గది ఇంకా చిన్నదే. మూడు డిస్కుల గీతలు మారలేదు. రోజుకొకటి చొప్పున మూడు రోజులు కావాలి, పున్నమి ఎల్లుండి. మూడు కాళ్ళ మీదున్నవాళ్ళలో ఇంకొకణ్ణి తప్పించే దారి ఎలాగూ లేదు.

ఎల్లాజీకి రేడియోలో సగం చెప్పేను. డిస్కు చెడిందని.

"పటం రాదంటే చెప్పెయ్ తాతా. అమాస దాకా వానలో నీళ్ళు పట్టుకుంటాం" అన్నాడు. ఆ గాలిలో ఆ పడవ అమాస దాకా ఉండదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పైడమ్మ అక్కడే ఉంది. ఆమెకీ తెలుసు.

చతుర్దశి

తెల్లారేసరికి ఒక దారి కనబడింది. నాలుగింట్లో రెయిడ్‌కి అక్కర్లేనిది ఒకటి ఉంది. ఎల్లాజీ. దాన్ని నేను ఎప్పుడో తప్పించేసేను, మూడూ అది లేకుండానే లేచినాయి. దాన్ని పూర్తిగా చెరిపేసి, గీతలేవీ లేకుండా మొత్తం ఒకటే గది చేస్తే, లెక్కలన్నీ దాంట్లో పోసి పటం కుట్టొచ్చు. చోటు కావలసినంత.

దీనికి తోడు ఏదీ ఉండదు. అది ఒక్కటి పోతే అంతా పోయినట్టే. అయినా ఒక్క రోజు పని.

పొద్దున తొమ్మిదింటికి మొదలెట్టేను. మధ్యాహ్నం రెండుకి పటం తయారైంది. కొత్త పటంలో చూస్తే, మేము ఎప్పుడూ దాటే సందులో సెల్ టవరు అడ్డంగా పడి ఉంది. పాత పటం నమ్ముకుని వచ్చుంటే నేరుగా దాని మీద ఎక్కేవాళ్ళు.

ఇంకొకటి మిగిలింది. పడవలో యంత్రం చిన్నది, పటం మొత్తం పట్టదు. పడవ దాటుతున్నంతసేపూ ఇక్కణ్ణుంచి ముక్కముక్కగా పంపాలి. నలభై నిమిషాలు. మూడు కాళ్ళ మీదున్న పెట్టె ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారి తూలినా పటమూ ఆగిపోతాది. అందుకని ఈ డిస్కుని పెట్టెలోంచి లాగి, పైన రేడియో గదిలోని చిన్న పెట్టెలో పెట్టాలి.

పైడమ్మకి చెప్పేను. ఇది తుడవడానికి కాదనీ, అది చోటు మారి పై గదికి వెళ్ళిపోతాదనీ దాచకుండా చెప్పేను. కావాలంటే దానయ్యని దింపుతానన్నాను. వాడు దిగితే ఎక్కించడానికి నలుగురు కావాలనీ అన్నాను. నవ్వలేదు.

"చీటీ పీకేస్తే సరిపోతాదేమో" అన్నాడు దానయ్య. మంచిగానే అన్నాడు.

"చీటీ పీకేస్తే అది ఎవరిదో నాకు తెలీదా దానయ్య తాతా" అంది.

వెళ్ళి ఎల్లాజీ చాప పక్కన కాసేపు కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. మా ఆవిడైతే ఏదో ఒకటి చెప్పేది. నాకు వేళాకోళం తప్ప ఏమీ రాదు, అదీ ఆ పూట రాలేదు. పైడమ్మ లేచి నిచ్చెన దిగింది. నేను గొట్టం దగ్గరికి వచ్చేసరికి కింద నుంచి తనే అంది.

"ఎడమ నుంచి రెండోది. మీ మనవడిది. లాగుతున్నాను."

"లాగు."

"లాగేను."

తెర మీద ఏమీ పడలేదు. మూడూ నుంచునే ఉన్నాయి.

పున్నమి

ఎనిమిదిన్నరకి రేడియో గదిలో ముగ్గురం. చిన్న పెట్టె ముందు పైడమ్మ, రేడియో దగ్గర నేను, తలుపు దగ్గర దానయ్య. వాణ్ణి లోపలికి రావద్దన్నాను, వాడు కదిలితే గది ఊగుతాది.

తొమ్మిదింటికి పోటు నిండుగా ఉంది. ఎల్లాజీ కదిలేడు. పైడమ్మ ఒక్కో ముక్కా పంపుతోంది. వాడు పడవ ముందు నుంచి లోతు చెప్తున్నాడు. నాలుగు బారలు. మూడున్నర. మూడు. పడవకి ఒక బార నీళ్ళు చాలు, అంతకన్నా తగ్గితే అడుగు తగులుతాది.

"టవరు ఎడంపక్కకి వచ్చింది తాతా. పటంలో ఎక్కడ పడుకుందో అక్కడే పడుకుంది."

"దాన్ని లేపకు. ట్యాంకుకీ సినిమా హాలుకీ మధ్య నుంచి రా."

"అక్కడెప్పుడూ రాలేదు."

"ఇప్పుడు టికెట్ అడగరులే."

రెండు బారలు. ఒకటిన్నర. తర్వాత రేడియోలో మాట ఆగింది. డిస్కు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది. పైడమ్మ చెయ్యి దాని మీద పెట్టింది, జొరం చూసినట్టు. వేడిగా ఉందా అని కళ్ళతో అడిగేను. ఉందని తలూపింది. తన పమిటతో విసరడం మొదలెట్టింది. దానయ్య తలుపు దగ్గర నుంచి అట్టముక్క అందించేడు.

"ఒక బార, జానెడు" అన్నాడు ఎల్లాజీ. మళ్ళీ, "ఒక బార, జానెడు." ఎన్నిసార్లన్నాడో నేను ఎంచలేదు. చెక్క దేన్నో రాసుకున్న చప్పుడు రేడియోలోనే వినబడింది. ఎవరో తిట్టేరు. పైడమ్మ చెయ్యి ఆగలేదు, తర్వాతి ముక్క పంపింది.

"రెండు" అన్నాడు. "రెండున్నర. మూడు. సినిమా అయిపోయింది తాతా."

తొమ్మిది మందీ పది దాటేక వచ్చేరు. పడవ అడుగున రంగు చారెడు పోయింది.

పాడ్యమి

గాలి మొదలైంది. ఆరు ఓడలూ గొలుసుల మీద మూలుగుతున్నాయి.

పైడమ్మ ఎవరూ అడక్కముందే ఎల్లాజీకి అంతా చెప్పింది. నేను కొంచెం అబద్ధం కలుపుదామనుకున్నాను గానీ చోటివ్వలేదు. వాడు పెళ్ళాన్ని ఏమీ అనలేదు. నా దగ్గరికి వచ్చేడు.

"నా పేరెందుకు పెట్టేవు తాతా?"

"నువ్వంటే ఇష్టం కాబట్టి."

"ఇష్టమైతే దోసె మీద రాయి. డిస్కు మీద కాదు."

ఇంకో మాట కూడా అన్నాడు. బొమ్మల గదిలో సగం ఖాళీ అన్నావు కదా, ఆ గదిలోనే ఒక మూల పటాలకి ఇచ్చేస్తే గోడ జరిపే పనే ఉండేది కాదు కదా అని. అంత సులువు కాదురా అన్నాను. చాలా సులువే. నాకు తట్టలేదు. లాగ్‌లో రాస్తున్నాను, వాడికి మాత్రం చెప్పను.

దానయ్య కొత్త రూలు పెట్టేడు. డిస్కులకి మనుషుల పేర్లు ఉండకూడదు, పొట్ట మీద అచ్చేసిన పన్నెండు అంకెల నంబరే చదవాలి. చీటీలు నాలుగూ నేనే గీకేను. అప్పయ్యమ్మది గీకడానికి ఎక్కువసేపు పట్టింది, జిగురు గట్టిగా ఉంది.

నిన్నటిదాకా ఎల్లాజీగా ఉన్నదాన్ని చెరిపి మళ్ళీ రెయిడ్‌లో చేర్చాలి. కొత్త పటాన్ని ఎల్లాజీ చెప్పిన మూలలోనే, బొమ్మల గదిలో దాచేను. పైడమ్మ డిస్కు తీసుకుని కిందికి దిగింది. మిగతా మూడింట్లో ఒకదాన్ని చెరిపితే ఈసారి లేపడానికి ఎవరి వల్లా కాదు. ఎంటర్ మీద వేలు పెట్టి గొట్టంలో అడిగేను.

"ఏది పెట్టేవు?"

పన్నెండు అంకెలూ చదివింది. తెర మీద ఉన్నదాంతో సరిచూసుకున్నాను. మళ్ళీ చదవమన్నాను. ఈసారి వెనకనుంచి ముందుకి చదివింది, నన్ను ఏడిపించడానికి. ఒక్క అంకె తప్పు పోలేదు.

ఎంటర్ కొట్టేను.